పూతకాలంలో మా కారుకి రంగు

థిన్నరు వాసన గిట్టదని మా కోడలు ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆటో అంచుకి ఇంకాస్త జరిగి కూర్చున్నాను. నూజివీడులో ఒక పేరంటానికి వెళ్తూ, ముందున్న బస్సు కదలక, రోడ్డు పక్కన ఒక షెడ్డు ఎదురుగా ఆగిపోయాం. లోపల ఎవరో కారు తలుపుకి రంగు కొడుతున్నారు. చేతిలో రంగు చిమ్మే గన్ను సుయ్యిమంటోంది. "అలా పీల్చకండి అత్తయ్యా, అది మంచిది కాదు" అంది కోడలు. నిజమే. ఈ వయసులో నాకు మంచివి కానివి చాలా ఉన్నాయి, మాగాయ దగ్గర్నుంచీ. కానీ ఆ వాసన వెనకాలే నాకు ఇంకో వాసన కూడా వచ్చింది. అది ఆ వీధిలో లేదు. మామిడి పూత వాసన. ఈ రెండూ కలిసి వచ్చిన కాలం నా బతుకులో ఒక్కటే ఉంది.

మాది నూజివీడుకీ మైలవరానికీ మధ్య, రోడ్డు మీంచి కాస్త లోపలికి వెళ్ళే ఊరు. ఇంటి వెనక గుమ్మం దిగితే తోటే. మా ఇంట్లో ఏ పనైనా మామిడి చెట్టు కింద జరగాల్సిందే. జుట్టు కత్తిరించుకోవడం, పచ్చళ్ళకి కాయలు కొట్టడం, చుట్టాలతో తగాదా పడటం, జ్వరం వస్తే నులకమంచం వేసుకుని మూలగడం, అన్నీ పెరట్లో ఉన్న పెద్దరసం చెట్టు కిందే. మా నాన్న పుట్టింది కూడా ఆ చెట్టు కిందేనని నాయనమ్మ చెప్పేది గానీ, ఆవిడ మాటల్లో సగం తీసేయాలి.

గడ్డివామి పక్కన మా కారు ఉండేది. ఆ రోజుల్లో డాక్టర్లకీ మిల్లు యజమానులకీ ఉండే లావుపాటి కారు. తాతయ్య ఎప్పుడో సరదాపడి కొన్నాడు. నడవడానికి నడిచేది గానీ చూడటానికే బాగుండేది కాదు. తలుపుల అడుగున తుప్పు తినేసి చిల్లులు పడ్డాయి. పైన రంగు పెచ్చులు లేచి, ఎండిన చేప పొలుసులా ఉండేది. వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదగడానికి కూర్చునేది. అది దిగేదాకా మేం ఎక్కడానికి లేదు. "చుట్టాలింటికి దీంట్లో వెళ్తే వాళ్ళ వాకిట్లో దిగను. వీధి చివరే దిగి నడిచొస్తా" అనేది నాయనమ్మ.

మా బాబాయి తాతయ్యకి చిన్న కొడుకు. కాలేజీలో పరీక్షలు తప్పి, ఇంట్లో చెప్పకుండా బెజవాడ వెళ్ళి ఒక కార్ల షెడ్డులో చేరాడు. సొట్టలు తీయడం, పుట్టీ పెట్టడం, రంగు కొట్టడం అక్కడే నేర్చుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన గోళ్ళ చుట్టూ ఏదో ఒక రంగు ఉండేది. నేను చెయ్యి పట్టుకుని "ఈసారి నీలం కారా బాబాయ్?" అని అడిగేదాన్ని. "నీలమే అమ్మడూ. నూతిలో నీళ్ళున్నంత నీలం" అనేవాడు. ఒక్కో కారు గురించి అత్తవారింటికి పంపిన ఆడపిల్ల గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

తాతయ్యకి ఇదంతా తలవంపులు. ఇంటికి ఎవరైనా వచ్చి "మీ చిన్నబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడిగితే, "బెజవాడలో, కంపెనీలో చేస్తున్నాడండీ" అనేవాడు. ఏ కంపెనీ అని వాళ్ళు అడిగేలోపల మజ్జిగ తెమ్మని కేకేసేవాడు. ఒకసారి బాబాయి అప్పుడే వచ్చి, వరండా మెట్ల మీద చెప్పులు విప్పుతూ ఆ మాట విన్నాడు. విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

"కంపెనీ అంటే ఏంటి బాబాయ్?"

"నాన్న పెట్టిందమ్మడూ. నాకు కూడా ఇంతవరకూ చూపించలేదు" అని నవ్వాడు.

నవ్వాడు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడుపొచ్చినప్పుడు మా అమ్మ కూడా అలాగే నవ్వేది.

ఆ ఏడాది పూత మొదలయ్యే వేళకి బాబాయి పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. రోడ్డు పక్కన మాకున్న చిన్న నేలచెక్కలో సొంతంగా షెడ్డు వేసుకుంటానన్నాడు. అందరం అన్నాలు తింటున్నాం. తాతయ్య ముద్ద కంచంలోనే ఉంచేశాడు.

"మనం నలుగురిని పనికి పిలిచేవాళ్ళంరా. మనల్ని ఇంకొకడు పిలిచి, ఇదిగో నా కారు చూడు అనడమా? ఆ చేతులు చూసుకో ఒకసారి, ఎలా ఉన్నాయో."

"కాయకోతప్పుడు సొన అంటి మీ చేతులెలా ఉంటాయో మీరూ చూసుకోండి" అంది నాయనమ్మ, పప్పు వడ్డిస్తూ.

తాతయ్యకి ఆవిడ మీద ఎప్పుడూ గెలుపు లేదు. అందుకని కొడుకు వైపు తిరిగాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మన కారుకి కొట్టు. బాగుందనిపిస్తే షెడ్డు వేసుకో. లేదంటే ఇంక ఆ ఊసెత్తకుండా తోట చూసుకోవాలి."

"బాగుంటే ఇంకోటి కూడా చెయ్యాలి నాన్నా" అన్నాడు బాబాయి. "ఎవరైనా అడిగితే నేనేం పని చేస్తానో ఉన్నదున్నట్టు చెప్పాలి."

తాతయ్య చాలాసేపు మాగాయ టెంక చీకుతూ కూర్చున్నాడు. "ముందు కొట్టు" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. షెడ్డు సంగతి నాకు అంత పట్టలేదు గానీ, ఆ రెండో మాట కోసమే బాబాయి ఇదంతా చేస్తున్నాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. దేవుడా, కారు బాగా రావాలి అని మనసులో మొక్కుకున్నాను.

మర్నాడు కోడినీ దాని సంసారాన్నీ గంప కిందికి మార్చాం. కారుని తోసుకొచ్చి పెద్దరసం చెట్టు కింద పెట్టాం. అక్కడే ఎందుకని ఎవరూ అడగలేదు. నీడ ఉంది, రోడ్డు దుమ్ము రాదు, మోటారు గదిలోంచి కరెంటు వైరు అందుతుంది. పైగా మా ఇంట్లో ఇంకెక్కడైనా పని జరుగుతుందా?

రంగు కొట్టడమంటే రంగు కొట్టడమేననుకున్నాను. అది అన్నిటికన్నా ఆఖరి పని. ముందు తుప్పంతా గీకాలి. సొట్టల్ని వెనకనుంచి చెక్కసుత్తితో కొట్టి పైకి తేవాలి. తరవాత గుంటలు పూడ్చే పుట్టీ. బాబాయి దాన్ని రేకుముక్కతో పల్చగా లాగుతుంటే నాయనమ్మ వచ్చి చూసి "అట్లపిండి పులిసినట్టుందేంట్రా" అంది. అది ఎండాక నీళ్ళల్లో తడిపిన గరుకు కాగితంతో రుద్దాలి. రుద్దాక మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దడం. ఇంటిల్లిపాదీ రుద్దాం. నాయనమ్మ చీర బొడ్లో దోపుకుని పీట మీద కూర్చుని గుండ్రంగా రుద్దేది.

"గుండ్రంగా కాదమ్మా, ఒకే వైపుకి. లేకపోతే రంగు కింద గీతలు కనపడతాయి."

"పెళ్ళయిన్నాటినుంచీ గిన్నెలు తోముతున్నాను. నాకు తోమడం నేర్పకు" అనేది. ఆవిడ లేచి వెళ్ళాక బాబాయి ఆ ముక్క మళ్ళీ రుద్దుకునేవాడు. ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఏమీ అనుకునేవారు కాదు.

మధ్యమధ్యలో బాబాయి కళ్ళు మూసుకుని కారంతా అరచేత్తో తడిమేవాడు, ఎక్కడైనా ఎత్తుపల్లాలున్నాయేమోనని. "ఆ కారుని అంత ముద్దుగా నిమురుతున్నావు, రేపు వచ్చే పెళ్ళాం సంగతేంట్రా?" అనేది నాయనమ్మ. దుమ్ము గొంతులో పట్టకూడదని గంటకోసారి బెల్లం ముక్క తెచ్చి ఆయన నోట్లో పెట్టేది. చేతికిస్తే రంగు అంటుతుందిగా. నాకు దుమ్ము పట్టకపోయినా నేనూ నోరు తెరిచి నిలబడేదాన్ని. ఇల్లంతా థిన్నరు వాసన. అన్నంలో అదే, మజ్జిగలో అదే. దాని మీదుగా తోటలోంచి పూత వాసన, తేనె కాస్త మాడినట్టు. నాకు ఆ రెండూ కలిసి ఇష్టంగా ఉండేవి.

తుప్పు మళ్ళీ రాకుండా వేసే ఎర్ర ప్రైమరు కొంచెం డబ్బాలో మిగిలింది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. గేదె నెమరేస్తూ పడుకుని ఉంటే దాని కొమ్ములకి పూసేశాను. అది సాయంత్రం మేతనుంచి ఎర్ర కొమ్ములతో వీధంతా ఊరేగి వచ్చింది. నాకు వీపు విమానం మోత మోగడం ఖాయమనుకున్నాను. నాయనమ్మ గేదెని ఎగాదిగా చూసి, "దీనికి కూడా కంపెనీలో ఉద్యోగమొచ్చినట్టుందండీ" అంది తాతయ్యతో. తాతయ్య గబగబా వంగి దాని పలుపు ముడి సరిచేయసాగాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

ఏ రంగు వేయాలన్న దాని మీద ఒక రోజంతా గొడవైంది. నాయనమ్మ ముగ్గిన రసం పండు రంగు వేయమంది. "అది కారా, పెళ్ళిపందిరా?" అన్నాడు తాతయ్య. ఆఖరికి మీగడ రంగు ఖాయం చేశారు.

రంగు కొట్టే రోజు పొద్దున్నే లేచి చూస్తే, చెట్టు చుట్టూ నేలంతా తడిపి ఉంది. దుమ్ము లేవకూడదని ముందు రోజు బాబాయి అనుకుంటుంటే ఎవరో విన్నారన్నమాట. "ఎవరు చల్లారమ్మా?" అని అడిగాడు బాబాయి. "వాన పడిందేమో" అంది నాయనమ్మ. పూతకాలంలో మా వైపు వానేంటి? నూతి దగ్గర తాతయ్య పంచె ఒకటి మోకాళ్ళదాకా బురదతో ఆరేసి ఉంది.

అద్దాలకి మైదా జిగురుతో పేపర్లు అంటించారు. పంక్చరు షాపునుంచి తెచ్చిన కంప్రెసర్ బండి దబదబలాడటం మొదలుపెట్టింది. రంగుని నాయనమ్మ పాత మల్లు చీర ముక్కలో వడగట్టారు. బాబాయి ముఖానికి తువ్వాలు కట్టుకుని గన్ను పట్టుకున్నాడు. చెయ్యి ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే తీరుగా వెళ్ళింది. చెయ్యి వెళ్ళినంత మేరా కారు కొత్తదైపోతోంది. తాతయ్య తోటలో పనున్నట్టు అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి తిరగలేదు, నిలబడిపోయాడు. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఖరికి బాబాయి తువ్వాలు తీసి వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. కారు తొలి మీగడలా మెరుస్తోంది. ఆయన ముఖంలో ఆ సంతోషం నేను మళ్ళీ ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు.

అప్పుడు చెట్టు మీంచి చిన్న చప్పుడు వచ్చింది. వడగళ్ళ ముందు వచ్చే చినుకుల్లాగా, టపటపమని.

మామిడి పూతకి తేనెమంచు పురుగని ఒకటి పడుతుంది. నువ్వు గింజంత ఉంటుంది. పూతలో రసం పీల్చి జిగట కారుస్తుంది. ఆ ఏడాది మా చెట్టు పూతలో అది గంపెడుంది. కింద థిన్నరు పొగ రేగి కొమ్మల్లోకి ఎక్కేసరికి, పురుగులన్నీ ఒక్కసారిగా గంతులేసి రాలిపడ్డాయి. వాటితో పాటు జిగట, రాలుపూత. తడి రంగు మీద ఎక్కడ పడ్డవి అక్కడే అంటుకుపోయాయి. మేం చూస్తుండగానే కారు నువ్వులద్దిన అరిసైపోయింది.

కంప్రెసర్ ఒక్కటే కొట్టుకుంటోంది. బాబాయి వెళ్ళి దాన్ని ఆపి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. నేను ఒక పురుగుని వేలితో తీయబోతే రంగు కూడా ఊడి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడవకమ్మడూ, దాని తప్పు కాదులే. మామిడిచెట్టు కింద పెరిగినవాణ్ణి, నాకు తెలియొద్దూ?" అన్నాడు బాబాయి.

నాయనమ్మ తాతయ్య మీదికి తిరిగింది. "పొద్దుగూకులూ ఆ పూతనే చూస్తుంటారు గదా. పురుగుందని మీకు తెలీదా?"

"తెలుసే" అన్నాడు తాతయ్య. "పూత పోతుందనే దిగులు పెట్టుకున్నాను గానీ, కారు మీద పడుతుందని నాకు తట్టలేదే."

పొద్దువాలేలోపల బాబాయి డబ్బాలన్నీ మూతలు పెట్టేసి, గన్ను కడిగి, గుడ్డలో చుట్టి, తాతయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. "అనుకున్న మాట ప్రకారం రేపట్నుంచి తోటకొస్తాను నాన్నా" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నేను మాత్రం దేవుడి మీద అలిగి దణ్ణం పెట్టకుండా పడుకున్నాను.

తెల్లారి వెనక నుంచి ఏవో చప్పుళ్ళు వినిపించి లేచాను. మా కాయల షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కాయ దిగాక పేర్చి, గడ్డి కప్పి ముగ్గబెట్టే చోటది. చెప్పులతో అందులో అడుగుపెడితే తాతయ్య ఊరుకునేవాడు కాదు. దీపం కూడా తీసుకెళ్ళనిచ్చేవాడు కాదు. అలాంటిది, ఆయనే గంపలూ గడ్డీ బయటికి మోసి పోస్తున్నాడు. నాన్న పట్టబోతే వద్దన్నాడు.

బాబాయి తలపాగా చుట్టుకుని తోటకి బయల్దేరి వచ్చాడు. ఇది చూసి ఆగిపోయాడు.

"ఇందులో చెట్టూ లేదు, పురుగూ లేదు" అన్నాడు తాతయ్య గడ్డి దులుపుకుంటూ. "కారు లోపలికి తోయండి."

"షెడ్డంతా థిన్నరు వాసన పడుతుంది నాన్నా. కాయలకి..."

"కాయ దిగేసరికి పోతుందిలే. సగంలో వదిలేయడం మన ఇంటా వంటా లేదు."

కారు లోపలికి చేరింది. తాతయ్య నాయనమ్మ పీట లాక్కుని తలుపు పక్కన కూర్చున్నాడు. నీళ్ళల్లోంచి గరుకు కాగితం తీసి పిండి, చేతిలో పట్టుకుని కొడుకు వైపు చూశాడు.

"ఎటు రుద్దాల్రా?"

తాతయ్య బాబాయిని ఏదైనా అడగడం నేను పుట్టాక అదే మొదలు. చెప్పడమే గానీ అడగడం ఆయనకి అలవాటు లేదు.

"నిలువుగా నాన్నా. ఒకే వైపుకి" అన్నాడు బాబాయి.

తాతయ్య ఒకే వైపుకే రుద్దాడు. నాయనమ్మకన్నా చెప్పినమాట బాగా విన్నాడు. మధ్యాహ్నానికి ఆయన గోళ్ళ చుట్టూ మీగడ రంగు. అన్నం దగ్గర నేను ఆ వేళ్ళకేసి చూస్తుంటే "ఏంటే చూస్తున్నావు, తిను" అని కసిరాడు.

రెండోసారి రంగు చక్కగా వచ్చింది. ఎంత చక్కగానంటే, తలుపులో ముఖం చూసుకుని నాయనమ్మ బొట్టు దిద్దుకుంది. తాతయ్య కారు చుట్టూ తిరిగి, వెనక డిక్కీ దగ్గర కాసేపు ఆగి, "షెడ్డు ఎప్పుడు వేస్తావు?" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నట్టే. కానీ బాబాయి అడిగింది రెండు. రెండోది ఇంకా మిగిలే ఉంది.

ఆ వారంలోనే పురుగుమందు కోసం నూజివీడు వెళ్ళాం. బాబాయి నడిపాడు, తాతయ్య ముందు, నేనూ నాయనమ్మా వెనక. పూతకాలంలో మందుల కొట్టు అరుగంతా రైతులే. చేతుల్లో పూత రెమ్మలు పట్టుకుని, ఎవరి చెట్టుకి ఏ తెగులొచ్చిందో చెప్పుకుంటూ ఉంటారు. మా కారు ఆగేసరికి ఆ మాటలు ఆగిపోయాయి. తాతయ్యని బాగా ఎరిగిన ఒక పెద్దరైతు లేచి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. చూపుడువేలితో తలుపు మీద రాసి చూశాడు.

"కొత్త కారులా ఉందండీ. ఏ షెడ్డులో కొట్టించారు? బెజవాడేనా?"

బాబాయి కారు పక్కనే నిలబడి చెప్పుల కేసి చూసుకుంటున్నాడు. నాయనమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగింది. తాతయ్య ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. అయిపోయింది, ఇప్పుడు మజ్జిగ తెమ్మంటాడు అనుకున్నాను.

"ఎక్కడా కొట్టించలేదండీ. మా చిన్నాడు ఇంట్లోనే కొట్టాడు" అన్నాడు తాతయ్య. "అదే వాడి పని."

"అదేంటి, కంపెనీలో చేస్తున్నాడన్నారు గదండీ?"

"కంపెనీ లేదు, ఏమీ లేదండీ. నేనే అలా చెప్పుకున్నాను. వాడు పెయింటరు. రోడ్డు పక్క మా చెక్కలో షెడ్డు వేస్తున్నాడు. మీ జీపు తుప్పు పట్టింది గదా, తీసుకురండి."

అరుగు మీద నలుగురి ముందూ చెప్పాడు, గొంతు తగ్గించకుండా. ఆ తరవాత నా చదువుకీ ఉద్యోగానికీ ఎందరో ఎన్నో మంచి మాటలన్నారు. ఒక్కటీ నాకు అంత గర్వంగా అనిపించలేదు. నన్నన్న మాట కాకపోయినా, ఇప్పటికీ దాన్నే దాచుకున్నాను.

బాబాయి షెడ్డు చాలా ఏళ్ళు నడిచింది. చుట్టుపక్కల జీపులూ ట్రాక్టర్లూ పెళ్ళికార్లూ అన్నీ దాని ముందు ఆగేవి. ఇప్పుడు తాతయ్యా, నాయనమ్మా, బాబాయీ ఎవరూ లేరు. కారు ఏ చేతులు మారిందో తెలియదు. తోటలో సగం ఇళ్ళ స్థలాలైంది. అవన్నీ తలుచుకుంటే దిగులేస్తుంది గానీ, ఆ రోజు మందు తీసుకుని ఇంటికి వస్తున్న దారి తలుచుకుంటే వేయదు.

బాబాయి స్టీరింగు పట్టుకుని నేరుగా ముందుకే చూస్తూ నడుపుతున్నాడు. పెట్రోలు దండగని పల్లం వస్తే ఇంజను ఆపించే తాతయ్య, ఆ రోజు ఆపమనలేదు. మా ఊరికి తిరిగే మలుపు వచ్చింది. కారు తిరగలేదు, తిన్నగా వెళ్ళిపోయింది.

"ఒరేయ్, మన ఊరు దాటిపోయిందిరా" అంది నాయనమ్మ.

బాబాయికి వినపడలేదు.

"పోనీవే" అన్నాడు తాతయ్య, వెనక్కి తిరగకుండానే. "వాణ్ణి నడపనీ."

మైలవరం దాకా వెళ్ళాం.